ఒకే కంచం!

'ఒకే కంచం, ఒకే మంచం' అంటారే... సరిగ్గా అలా పెరిగినవాళ్ళం మేమిద్దరం. గుడివాడలో మొదటి రోజు మొదటి ఆటకు నేల టికెట్టులో దూరేవాళ్ళం. టికెట్టు డబ్బులు వాళ్ళ నాన్న ఇచ్చేవాడు. చొక్కా గుండీలు తెంచుకుని వస్తే మా అమ్మ ఇద్దరికీ కలిపి తిట్లు పెట్టి, ఒకే కంచంలో అన్నం కలిపి పెట్టేది. అలాంటి స్నేహం అమెరికా వచ్చాక ఎనిమిది వందల డాలర్ల దగ్గర ఆగిపోయింది!

అప్పు తీసుకున్నది నేనే. ఉద్యోగం ఊడిన రోజుల్లో నా అద్దె వాడు కట్టాడు. తర్వాత ఉద్యోగం దొరికింది. ఇవాళ ఇద్దాం, రేపు ఇద్దాం అనుకుంటూ ఇవ్వలేదు. మొహం చెల్లక వాడి ఫోను ఎత్తడం మానేశాను. అలా ఏడు నెలలు గడిచాయి.

ఒక శుక్రవారం వాడి దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. "ఆదివారం సియాటిల్ వెళ్ళిపోతున్నా. రాత్రి భోజనానికి రారా." అంతే. డబ్బు మాటే లేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది!

వాషింగ్టన్‌లో యూ స్ట్రీట్ పక్కన తొమ్మిదో వీధి ఇథియోపియా హోటళ్ళకు పేరు. 1974లో అక్కడి సైన్యం హైలే సెలాసీ చక్రవర్తిని దించేసింది. తర్వాత వచ్చిన సైనిక పాలనలో దేశం విడిచినవాళ్ళు ఎందరో ఈ నగరం చేరారు. వాడు రమ్మన్న హోటల్లో ఉన్నవి ఆరే ఆరు బల్లలు. వంటింట్లో తల్లి, గల్లాపెట్టె దగ్గర తండ్రి, వడ్డనకు కాలేజీ చదివే కూతురు. టైటిల్సు వేస్తే అన్ని శాఖలూ ఒకే ఇంటివాళ్ళవే అన్నమాట!

ఎదురెదురుగా కూర్చున్నాం. "బావున్నావా?" అంటే "బావున్నా." డైలాగులు అక్కడితో సరి.

ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులకు బుధ, శుక్రవారాలు ఉపవాసం. మాంసం, పాలు, నెయ్యి, గుడ్డు ఏవీ ముట్టరు. అందుకని ఆ రోజు 'బెయాయ్‌నెతు' తెప్పించాం. అంటే అన్నిటిలోంచీ తలో కాస్త. కూతురు తెచ్చి పెట్టింది చూద్దును కదా... ఇద్దరికీ కలిపి ఒకటే పళ్ళెం! స్పూన్లు లేవు. వేరే ప్లేట్లు లేవు. పళ్ళెమంత అట్టు, దాని మీద కుప్పలు కుప్పలుగా ఎర్రటి మసూరుపప్పు, పచ్చటి బఠాణీపప్పు, ఆకుకూర, క్యాబేజీ, శనగపిండితో చేసిన షిరో.

ఆ అట్టు పేరు ఇంజెరా. గసగసాలంత ఉండే టెఫ్ అనే గింజల పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, పెద్ద పెనం మీద గుండ్రంగా పోసి, మూత పెట్టి ఒక పక్కే కాలుస్తారు. పైన సన్నటి చిల్లులు పడతాయి. వాటిని 'కళ్ళు' అంటారట. నోట్లో పెట్టుకుంటే మన పుల్లట్టే! దాన్ని తుంచి, కూర పట్టి తినడమే.

నేను నా అంచు నుంచి, వాడు వాడి అంచు నుంచి తింటున్నాం. గట్టు తగాదా పడ్డ అన్నదమ్ముల్లా మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టడం లేదు. వంటింట్లోంచి ఆ తల్లి ఇది చూసినట్టుంది. చేతులు కడుక్కుని వచ్చి, ఇంజెరాలో పప్పు చుట్టి తిన్నగా నా నోటి దగ్గర పెట్టింది! సినిమాల్లో తల్లి ముద్ద పెట్టే సీను రాగానే ఈల వేసిన వెధవను నేను. ఆ రోజు మాత్రం నోరు తెరిచాను. మా అమ్మ పోయాక ఇదే మొదటిసారి.

"దీన్ని గుర్షా అంటారు" అంది కూతురు. "ఒక్కటే పెడితే జగడం వస్తుందని మావాళ్ళు అంటారు. ఇంకోటి పెట్టుకోవాలి. ఇప్పుడు మీరిద్దరూ పెట్టుకోండి!"

చెయ్యి వణికింది. వాడికి పెట్టాను. చిన్నప్పటిలాగే వేలు కొరికాడు దొంగ రాస్కెల్!

తర్వాత కాఫీ. పచ్చి గింజలు మా ఎదురుగానే వేయించి, ఆ పొగ మా ముక్కు దాకా తెచ్చి చూపించింది. సాంబ్రాణి వేసింది. 'జెబెనా' అనే మట్టి కూజాలో కాచింది. పక్కన ఏం పెట్టిందనుకున్నారు? పాప్‌కార్న్! "ఇంటర్వెల్‌రా!" అన్నాడు వాడు. ఇద్దరం పగలబడి నవ్వాం.

మాది సినిమా పిచ్చి అని తెలిసి కూతురు హైలే గెరిమా సంగతి ఎత్తుకుంది. ఇథియోపియాలో పుట్టి, ఇక్కడి హోవార్డ్ యూనివర్సిటీలో సినిమా పాఠాలు చెప్పిన దర్శకుడు. 1993లో బానిసత్వం మీద 'సంకోఫా' తీస్తే పంపిణీదార్లు ముందుకు రాలేదు. ఆయనే హాళ్ళు అద్దెకు తీసుకుని ఊరూరా ఆడించాడు. ఆ పేరుతోనే యూనివర్సిటీ ఎదుట పుస్తకాల దుకాణం పెట్టాడు. 2008లో ఆయన 'తెజా'కు వెనిస్‌లో బహుమతి వచ్చింది. వాడికి పాత ఉత్సాహం వచ్చేసింది. "మొండోడంటే అలా ఉండాల్రా!"

ఆ కాఫీ మూడు సార్లు పోస్తారు. అబోల్, తోనా, బరకా. మూడోది ఆశీర్వాదం. అది తాగకుండా లేవకూడదట. ఆ మూడో కప్పు దగ్గర ధైర్యం తెచ్చుకున్నాను.

"ఒరేయ్... ఆ ఎనిమిది వందలు..."

వాడు కప్పు కింద పెట్టాడు. "డబ్బు కోసం ఫోన్ చేశాననుకున్నావా? మార్చిలో మా నాన్న పోయాడురా. నీతో చెప్దామని చేశాను. ఆ రాత్రి నాలుగుసార్లు చేశాను."

గుడివాడలో మావాళ్ళెవరూ మిగల్లేదు. నాకు చెప్పేవాళ్ళు లేరు. చెప్పాల్సినవాడి ఫోను నేను ఎత్తలేదు.

డబ్బు ఆ బల్ల దగ్గరే పంపేశాను. నిమిషం పట్టలేదు. అయినా తల ఎత్తలేకపోయాను. వాడేం అనలేదు. పళ్ళెం మధ్యలో కూరలన్నీ పీల్చుకుని ఇంజెరా ముక్క ఒకటి మిగిలింది. అది సగానికి చింపి నా వైపు తోశాడు. "తినరా, అసలు రుచి ఇందులోనే ఉంది" అన్నాడు.

ఆదివారం ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. సియాటిల్ చేరి ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తాను.

మీరూ ఎవరి ఫోనో ఎత్తకుండా తప్పించుకు తిరుగుతున్నారా? అయితే ఈ పేజీ పక్కన పెట్టి, ముందు వాళ్ళకు ఫోన్ చెయ్యండి. సినిమా కబుర్లు ఎక్కడికీ పోవు!