కుక్కకి ఖరీదెంత రాస్తారు?

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, ఒక ముసురు రాత్రి, స్కూటర్ల మధ్య వణుకుతూ దొరికింది బూచి. అచ్చమైన ఊరకుక్క. దానికి ఇన్సూరెన్స్ చూస్తున్నానని ఫోన్లో చెబితే నాన్న నవ్వలేదు. ‘‘ఖరీదెంత రాస్తార్రా?’’ అన్నాడు.

ఆ ప్రశ్న వెనక ఒక గేదె ఉంది. మా ఊళ్లో గేదెకి బీమా చేయాలంటే పశువుల డాక్టరు వచ్చి ఎన్నో ఈత, పూటకి ఎన్ని పాలు అని అడిగి ధర కడతాడు. ఆ ధరలో ఇంత శాతమని ప్రీమియం. (2024లో కేంద్రం మార్చిన పథకంలో రైతు వాటా ఆ ప్రీమియంలో 15 శాతమే, అప్పట్లో ఆ భాగ్యం లేదు.) చెవికి నంబరున్న పోగు వేస్తారు. గేదె చస్తే డబ్బొస్తుంది. జబ్బు చేస్తే మందులకి పైసా రాదు. మా గేదె పోయిన రోజున దాని చెవికి పోగు లేదు. ముళ్లకంచెకి తగిలి ఎప్పుడు ఊడిందో ఎవరూ చూడలేదు. పోగు లేకపోతే పరిహారం లేదనే ముక్క పాలసీలో ఉందని ఆ రోజే తెలిసింది మాకు.

నేను చూసిన కుక్కల పాలసీల్లో కొన్ని ఈ గేదె పాలసీకి తోబుట్టువులే. చనిపోతే ఇంత, దొంగలెత్తుకెళ్తే ఇంత, అదీ మార్కెట్ ధరని బట్టి. లాబ్రడార్‌కైతే కొన్న రసీదుంటుంది. బూచికి? ‘‘విలువ ఎంత వేసుకోమంటారు సార్?’’ అని ఏజెంటు మర్యాదగానే అడిగాడు. అమ్మకానికి పెడితే దాని విలువ సున్నా. అది పోయాక నా చేతిలో ఎవరో డబ్బు పెట్టాలని నాకూ లేదు. ఏ కారు కిందో పడి కాలు విరిగితే ఆపరేషన్‌కి అప్పు చేయకూడదు, అంతే.

అందుకని పాలసీ కాగితాలు వెనక పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఏది ఇవ్వరో అక్కడుంటుంది. టీకాలకి, పళ్లకి, కాన్పుకి ఇవ్వరు. టీకా వేయించిన రుజువు లేకపోతే పార్వోకీ డిస్టెంపర్‌కీ ఇవ్వరు. పాలసీ తీసుకున్న తొలి వారాల్లో వచ్చిన జబ్బుకీ ఇవ్వరు. కొన్నిట్లో ఆస్పత్రిలో చేర్చితేనే లెక్క. చూపించుకుని మందులు తెచ్చుకుంటే ఆ ఖర్చు మనదే. పాలసీలో చేర్చుకోవడానికి వయసు పరిమితి ఒకటి. వీధిలో పుట్టినదానికి పుట్టినరోజు ఎక్కణ్నుంచి తేను? డాక్టరు పళ్లు చూసి టీకాల పుస్తకంలో రెండేళ్లని రాశాడు. ఇకమీద అదే దాని జాతకం.

నేను తప్పింది వేళ దగ్గర. అంతకు ముందు ఏడాదే బూచికి గోమార్ల జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. సెలైన్లు, నెలరోజుల డాక్సీసైక్లిన్, మూడుసార్లు రక్తపరీక్ష: 14,600 రూపాయలు. ఇన్సూరెన్స్ గుర్తొచ్చింది ఆ బిల్లు కట్టాకే. ఫారంలో ‘గతంలో వచ్చిన జబ్బులు’ అన్నచోట ఖాళీ వదిలేయమన్నాడు ఏజెంటు. నేను రాసేశాను. నిజాయితీ అనుకునేరు, ఉత్త భయం. క్లెయిమ్ వేసిన రోజున పాత చీటీలన్నీ అడుగుతారు. అబద్ధం బయటపడితే కాలు విరిగిన డబ్బు కూడా పోతుంది.

చివరికి ఆపరేషన్లూ ఆస్పత్రి ఖర్చూ ఇచ్చే ప్లాన్ తీసుకున్నాను. లిఫ్టులో ఎవరినైనా కరిస్తే పనికొస్తుందని థర్డ్ పార్టీ కలిపాను. మరణం, దొంగతనం తీసేయించాను. ఏడాదికి 3,900 అయింది. గోమార్ల జ్వరం మళ్లీ వస్తే భరించాల్సింది నేనే కాబట్టి నెలకి వెయ్యి చొప్పున ఆర్‌డీ కడుతున్నాను. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా సొంత డబ్బుతోనే చేయించాను. గర్భసంచి తీసేస్తే అందులో చీము పట్టే జబ్బు భయం దాదాపు ఉండదు.

సంక్రాంతి వెళ్లాక నాన్న వచ్చాడు. బూచిని క్లినిక్‌కి తీసుకెళ్తుంటే తనూ బయల్దేరాడు. దారంతా దాని చెవులే చూస్తూ, ‘‘పోగేదిరా దీనికి?’’ అన్నాడు. బియ్యపుగింజంత మైక్రోచిప్, మెడ వెనక చర్మం కింద ఉందన్నాను. డాక్టరు రీడర్ ఆనిస్తే తెరమీద పదిహేను అంకెలు వెలిగాయి. నాన్న బూచి మెడ వెనక వేళ్లు పెట్టి కాసేపు తడిమాడు.

‘‘ఊడదు గదా?’’