వోల్టుకి పేరిచ్చిన ఊరు

సెల్‌ఫోన్ ఛార్జర్‌ని ఓసారి తిప్పి చూడండి. చీమల బారులాంటి అక్షరాల మధ్య ఓ అంకె, దాని పక్కనే ‘వి’ అనే ఇంగ్లిషు అక్షరం కనిపిస్తాయి. వోల్టులన్నమాట! ఆ వోల్టు ఓ మనిషి పేరు మీద వచ్చింది. అలెసాండ్రో వోల్టా అనే ఆ పెద్దమనిషి సొంతూరే ఇటలీలోని కోమో.

నిజం చెప్పొద్దూ... నేను కోమో వెళ్లింది మాత్రం వోల్టా కోసం కాదు, సరస్సు కోసం! దీపికా పదుకొణె, రణ్‌వీర్ సింగ్ 2018లో పెళ్లాడింది ఈ సరస్సు ఒడ్డునే. మిలాన్‌లో రైలెక్కితే గంటలోపే కోమో. స్టేషన్ దాటి కాస్త నడిస్తే చాలు, కళ్లముందు నీలాల నీళ్లు, వాటి చుట్టూ పచ్చటి కొండలు, ఆ వెనక ఆల్ప్స్. తిరగేసిన ఇంగ్లిషు ‘వై’ ఆకారంలో ఉండే ఈ సరస్సు లోతు 400 మీటర్ల పైమాటే. ఆ ‘వై’కున్న ఎడమకాలి కొసన ఉంటుంది కోమో.

ఒక్కరోజులో ఊరు చూసేసి, మర్నాడు పడవలో బెల్లాజియో వెళ్లాలన్నది మా ప్లాను.

చర్చి గోడ మీద రచయితలు

రెండు వేల ఏళ్ల కిందట జూలియస్ సీజర్ కాలంలో రోమన్లు కట్టిన పట్టణమిది. పాత ఊరి వీధులు ఇప్పటికీ గళ్లనోటు పుస్తకంలా నిలువూ అడ్డంగా ఉంటాయి. వాటి మధ్యలోంచి నడుస్తుంటే పెద్ద చర్చి ఎదురవుతుంది. 1396లో పని మొదలుపెడితే గుమ్మటంతో సహా పూర్తయ్యేసరికి మూడొందల ఏళ్లు దాటిపోయిందట!

ముఖద్వారానికి చెరోపక్కా కూర్చున్న విగ్రహాలు క్రైస్తవ సాధువులవి అనుకున్నా. కాదు, ప్లినీలవి! క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు అక్కడే ప్రాణాలొదిలిన పండితుడు పెద్ద ప్లినీ. ఆ ప్రళయాన్ని ఉత్తరాల్లో రాసిపెట్టిన మేనల్లుడు చిన్న ప్లినీ. ఇద్దరూ క్రైస్తవులు కాకపోయినా, మా ఊరివాళ్లేగా అని చర్చి గోడమీదే చోటిచ్చారు కోమో జనం.

పట్టుకీ కోమో పెట్టింది పేరు. పట్టుపురుగుల పెంపకం ఎప్పుడో తగ్గిపోయింది. ముడిపట్టు చైనా నుంచి తెప్పించుకుని రంగులద్ది, డిజైన్లు అచ్చువేసి టైలూ స్కార్ఫులూ చేస్తున్నారు. ధరలు చూసి దుకాణంలోంచి మెల్లగా బయటికొచ్చేశాం!

బూడిదలోంచి...

సాయంత్రం సరస్సు ఒడ్డునే ఉన్న వోల్టా మందిరానికి వెళ్తే తలుపులు మూసి ఉన్నాయి. ఆరోజు సోమవారం, సెలవట. బెల్లాజియోనా, వోల్టానా? కాసేపు ఊగిసలాడి పడవ ప్రయాణం మానుకున్నాం.

మర్నాడు లోపలికి అడుగుపెట్టాక బెంగ తీరింది. గాజు బీరువాల్లో రాగి, ఇత్తడి పరికరాలు, సీసాలు. వాటి వెనక ఓ గొడవ ఉంది. చచ్చిన కప్ప కాళ్లకు లోహాలు తగిలిస్తే కొట్టుకోవడం చూసి, కరెంటు జంతువుల ఒంట్లోనే ఉందన్నాడు గాల్వానీ. కాదు, రెండు వేర్వేరు లోహాలు కలవడంవల్ల పుడుతోందన్నాడు వోల్టా. నాలుక మీద లోహాలు పెట్టుకుని మరీ పరీక్షించాడు. చివరికి జింకు, వెండి బిళ్లల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెట్టి దొంతరగా పేర్చాడు. అదే మొదటి బ్యాటరీ! ఆ సంగతి చెబుతూ 1800 మార్చిలో లండన్‌లోని రాయల్ సొసైటీకి కోమో నుంచే ఉత్తరం రాశాడు.

అయితే అక్కడున్నవాటిలో చాలావరకూ నకళ్లే. బ్యాటరీకి వందేళ్లయిన సందర్భంగా 1899లో కోమోలో పెద్ద ప్రదర్శన పెట్టి, వోల్టా పరికరాలు ఎన్నో అందులో ఉంచారు. జులై 8న మంటలు లేచి చాలావాటిని బూడిద చేశాయి. కారణం షార్ట్ సర్క్యూట్ అంటారు! ఊరు ఏడుస్తూ కూర్చోలేదు. కొద్ది వారాల్లోనే ప్రదర్శనని మళ్లీ నిలబెట్టింది. మంటల్లో మిగిలినవాటిని ఏరి, పోయినవాటికి నకళ్లు చేయించి, ఆయన నూరో వర్ధంతి గుర్తుగా కట్టిన ఈ మందిరంలో పెట్టింది. 1928లో దీన్ని తెరిచారు. నకళ్లని నిరుత్సాహపడాల్సిన నేను, ఆ కథ తెలిశాక వాటినే ఎక్కువసేపు చూశాను.

కొండమీద దీపం

సాయంత్రం ఫ్యునిక్యులర్ ఎక్కి బ్రూనాతే వెళ్లాం. నిటారు కొండమీదికి తాడుతో లాగే ఈ రైలు 1894 నుంచీ నడుస్తోంది. ఏడు నిమిషాల్లో పైన ఉంటాం. అక్కడినుంచి కొంత నడిస్తే వోల్టా పేరిట 1927లో కట్టిన దీపస్తంభం. కింద సరస్సు, దూరంగా మంచుకొండలు. బెల్లాజియో కొండల చాటున ఉండిపోయింది!

రాత్రి ఒడ్డున నిలబడితే ఆ దీపం ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు రంగుల్లో వెలుగుతూ కనిపించింది. గదికొచ్చి ఫోన్ ఛార్జింగ్‌కి పెడుతూ, వెనక్కి తిప్పి ఆ అక్షరాన్ని మరోసారి చూసుకున్నా.

ఎలా వెళ్లాలి?

మిలాన్ సెంట్రల్ నుంచి కోమో శాన్ జొవాన్నికి రైళ్లున్నాయి. కదోర్నా స్టేషన్లో ఎక్కితే సరస్సు పక్కనే దిగొచ్చు. పాత ఊరంతా నడిచే చూడొచ్చు. వోల్టా మందిరం తెరిచి ఉండే రోజులు మాత్రం ముందే కనుక్కోండి... మాలా సోమవారం వెళ్లకండి!