గ్లాసు చప్పుడు

మీ ఇంట్లో మంచానపడ్డ పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే నేను చెప్పేది మీకు ఇట్టే తెలుస్తుంది.

మా అత్తగారు పక్షవాతంతో పద్నాలుగు నెలలు మంచంలో ఉన్నారు. ఒళ్ళు తుడవడం, పక్కబట్టలు మార్చడం, జావ పట్టడం అన్నీ నేనే. చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు వచ్చినప్పుడల్లా "ఈ కాలంలో ఇలాంటి కోడలా!" అనేవారు. కాఫీలిచ్చి నవ్వి ఊరుకునేదాన్ని.

ఒకరోజు రాత్రి రెండింటికి "అమ్మాయ్, మంచినీళ్ళు" అన్నారు. మెలకువగానే ఉన్నాను. పలకలేదు. మళ్ళీ పిలిచారు. కళ్ళు మూసుకునే, 'ఇది ఎప్పటికి తెములుతుందో' అనుకున్నాను. అవునండీ, అలాగే అనుకున్నాను. స్టూలు మీది గ్లాసు కోసం ఆవిడే చెయ్యి చాపినట్టున్నారు, ఖంగుమని కింద పడింది. అప్పుడు లేచాను. మర్నాడు చూడవచ్చిన వాళ్ళతో "నా కోడలు బంగారం" అన్నారావిడ. నేను మేలుకునే ఉన్నానని ఆవిడకి తెలుసో లేదో! పోయేదాకా అడగలేకపోయాను.

ఆ తర్వాత రెండుసార్లు ప్రభు భోజనానికి లేవకుండా బెంచీలోనే కూర్చుండిపోయాను. చివరికి మా పాస్టరయ్యగారికి చెప్పేశాను. "ఇంతకీ నేను మంచిదాన్నా, పాపినా?" అని అడిగాను.

"రెండూనమ్మా. సగం సగం కాదు, రెండూ పూర్తిగా" అన్నారు.

గుంటూరులో 1842లో ఫాదర్ హయ్యర్ మొదలుపెట్టిన లూథరన్ సంఘం మాది. మార్టిన్ లూథర్ 1515-16లో విట్టెన్‌బర్గులో రోమా పత్రిక మీద పాఠాలు చెబుతూ ఒక రోగి సంగతి చెప్పాడట. నయం చేస్తానని వైద్యుడు మాటిచ్చాడు. రోగి నమ్మాడు. ఒంట్లో చూస్తే జబ్బే, ఆ మాటను బట్టి చూస్తే ఆరోగ్యవంతుడే. విశ్వాసీ అంతేనట, ఒకే సమయంలో నీతిమంతుడూ పాపీ. నాకేమో రోగి అనగానే ఆ గ్లాసు చప్పుడే వినిపించింది. ఆ గదిలో రోగి ఆవిడొక్కరే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"బాగానే ఉంది, ఇక ఏం చేసినా ఫరవాలేదన్నమాట" అన్నారు మావారు. అది కాదు. నయమవుతానని నమ్మిన రోగి పథ్యం మానడు కదా!

మా పక్కింటి వదిన కతోలికురాలు. జ్ఞానస్నానంతో పాపం పోతుందని, మిగిలేది పాపంవైపు లాగే గుణమేనని, దానికి మనం లొంగితేనే పాపమని ఆవిడ అంటుంది. దీనిమీద శతాబ్దాలు కొట్లాడుకుని, 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గులో రెండు పక్షాలూ ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. తేడా పూర్తిగా పోలేదు గానీ, దానికోసం ఒకరినొకరు దోషులనుకోనక్కర్లేదన్నారు. నా సంగతంటారా, వదిన లెక్కలో చూసినా ఆ రాత్రి నేను లొంగాను.

అత్తగారు పోయి ఏడాదైనప్పుడు జ్ఞాపకార్థ కూటం పెట్టాం. నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి, గ్లాసు సంగతి చెప్పేశాను. గదిలో ఎవరూ కదల్లేదు. వెనకాల ఒకావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. వాళ్ళింట్లోనూ అత్తగారు మంచంలోనే ఉన్నారు.

మా ఆడపడుచు మాత్రం భోజనం చెయ్యకుండానే బస్సెక్కింది. ఇంతవరకూ ఫోన్ లేదు. నేనే చెయ్యాలి.