గండికోట అంచున మూడుకాళ్ల నిలకడ

ఎర్రమల కొండల్ని పెన్నా నది నిలువునా కోసుకుంటూ పారిన చోటు గండికోట. ఇటు ఎర్రటి రాతిగోడ, అటు ఎర్రటి రాతిగోడ, మధ్యలో ఎక్కడో లోతున నీటిపాయ. గండి పక్కన కట్టిన కోట కాబట్టి ఆ పేరు. వైఎస్సార్ కడప జిల్లా జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు వెళితే చాలు... 'భారతదేశపు గ్రాండ్ కేన్యన్' అని పర్యాటకులు మురిపెంగా పిలుచుకునే ఈ లోయ కళ్లముందు నిలుస్తుంది.

పగలు వచ్చేవాళ్ల సందడి వేరు. జామియా మసీదు మినార్లు, మాధవరాయస్వామి గుడి గోపురం, రంగనాథస్వామి ఆలయం, పెద్ద ధాన్యాగారం... అన్నీ చుట్టి, పెమ్మసాని నాయకుల ముచ్చట్లు విని, చివరికి లోయ దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతారు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ కూడా ఈ కోటకు వచ్చాడు. పొద్దు వాలేసరికి ఇంకో రకం జనం దిగుతారు. వీపున బరువైన సంచులు, భుజాన నల్లటి కర్రలకట్టల్లాంటి ట్రైపాడ్లు. వాళ్లకు కావాల్సింది రెండే. ఎర్రబండల మీద ఆఖరి వెలుగు, ఆ తర్వాత చిక్కటి చీకటి.

చీకటి కోసం ఇంత దూరం రావాలా అంటే, రావాలి మరి! నగరం వెలుగు ఆకాశాన్ని ఎప్పుడో మింగేసింది. హైదరాబాద్ బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఉండేది. అక్కడ కుదరకే నగరానికి దూరంగా జాపాల్-రంగాపూర్‌లో 1968లో 48 అంగుళాల టెలిస్కోపును నెలకొల్పారు. తర్వాత్తర్వాత అక్కడికీ నగరపు వెలుగు పాకింది. టెలిస్కోపుకే తప్పని తిప్పలు మామూలు కెమెరాకు తప్పుతాయా? అందుకే అమావాస్య దగ్గరపడితే హైదరాబాద్, బెంగళూరుల నుంచి కుర్రకారు రాత్రికి రాత్రి బయల్దేరుతుంది.

తీరా ఇంటికెళ్లి కంప్యూటర్‌లో చూసుకుంటే కొందరికి నీరసం. చుక్కలన్నీ వంకర గీతల్లా సాగిపోయి ఉంటాయి. బండల అంచులు రెండేసి కనబడతాయి. కెమెరా లక్ష రూపాయలది, లెన్సు మరో యాభై వేలది. కింద నిలబెట్టింది మాత్రం వెయ్యీ పదిహేను వందల రూపాయల ట్రైపాడ్! చంద్రుడు లేని, మబ్బు పట్టని రాత్రులు నెలకు నాలుగైదు దొరికితే గొప్ప. ఆ రాత్రి చేజారితే మళ్లీ నెల ఆగాలి. సెలవు దొరకాలి, తోడు కుదరాలి.

ఇరవై సెకన్ల పరీక్ష

పగటి ఫొటోకి షట్టర్ సెకనులో వందో వంతో, రెండొందలో వంతో తెరుచుకుని మూసుకుంటుంది. చేతిలో పట్టుకుని తీసినా ఇబ్బంది లేదు. పొద్దు గుంకాక లోయని తీయాలంటే అరసెకను, ఒక సెకను, ఒక్కోసారి అయిదారు సెకన్లు కావాలి. చుక్కలకైతే పదిహేను, ఇరవై సెకన్లు. అంతసేపూ కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

మరీ ఎక్కువసేపు తెరిచి ఉంచినా కుదరదు. భూమి తిరుగుతుంది కాబట్టి ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతున్నట్టు ఉంటుంది. దీనికి ఫొటోగ్రాఫర్లు ఓ తేలిక లెక్క పెట్టుకున్నారు. 500ని లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 20 మిల్లీమీటర్ల లెన్సయితే 25 సెకన్లు. అది దాటితే చుక్క గీత అవుతుంది. పిక్సెళ్లు కిక్కిరిసిన ఇప్పటి కెమెరాలకు ఇంకాస్త తగ్గించుకోవడమే మేలు.

గీతలే కావాలనుకునేవాళ్లూ ఉన్నారు. కోట నుంచి లోయ వైపు చూస్తే అది ఉత్తర దిక్కు. గండికోట అక్షాంశం 15 డిగ్రీలకు కాస్త తక్కువ. కాబట్టి ధ్రువనక్షత్రం కూడా దిగంతానికి అంతే ఎత్తులో కనిపిస్తుంది. చేయి చాచి పిడికిలి పట్టి చూస్తే ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తన్నమాట! దాని చుట్టూ చుక్కలు గీసే వలయాలు లోయ మీద గొడుగు పట్టినట్టు ఉంటాయి. ఆ బొమ్మకి కెమెరా గంట, రెండు గంటలు ఒకే చోట ఉండాలి. ఫొటోలు వరసగా తీసి తర్వాత కలుపుకుంటారు. నడుమ ఒక్కసారి ట్రైపాడ్ జరిగిందంటే వలయాలన్నీ విరిగిపోతాయి.

మూడు కాళ్లే ఎందుకు?

నాలుగుకాళ్ల మంచాన్ని ఎగుడుదిగుడు నేల మీద వేస్తే ఏదో ఒక కాలు గాల్లో ఉంటుంది. ముక్కాలిపీటకు ఆ బాధ లేదు. ఎలాంటి నేలైనా మూడు కాళ్లూ ఆనతాయి. సర్వేవాళ్ల దుర్బిణీకైనా, పాతకాలపు స్టూడియో కెమెరాకైనా మూడుకాళ్ల స్టాండే వాడింది అందుకే. ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ కాలంలో గాజుపలకల కెమెరాలు స్టాండు లేకుండా కదిలేవి కావు. కెమెరా అరచేతిలోకి వచ్చాకే స్టాండంటే చిన్నచూపు మొదలైంది.

గండికోట బండలు ఆ చిన్నచూపును తేలిగ్గా వదిలిస్తాయి. అక్కడ చదునైన నేల తక్కువ. పలకలు పలకలుగా పేర్చినట్టున్న రాళ్లు, వాటి మధ్య చీలికలు, ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. కాళ్లను కలుపుతూ మధ్యలో అడ్డపట్టీలుండే చౌకరకం ట్రైపాడ్లు ఇక్కడ పనికిరావు. ఒక కాలు ఎంత తెరుచుకుంటే మిగతావీ అంతే తెరుచుకుంటాయి మరి. ఏ కాలికాకాలు వేరువేరు కోణాల్లో విప్పి ఆపగలిగేది కావాలి. అప్పుడే ఒక కాలు బండ మీద, ఇంకోటి చీలికలో, మరోటి దాదాపు అడ్డంగా చాపి నిలబెట్టుకోవచ్చు.

కాళ్ల లావు చూడండి!

కొనేటప్పుడు అందరూ ముందు ఎత్తు అడుగుతారు. అడగాల్సింది లావు. గొట్టం కాస్త లావెక్కితే బలం చాలా పెరుగుతుంది. గోడ మందం ఒకటే అయినా 22 మిల్లీమీటర్ల గొట్టం కన్నా 28 మిల్లీమీటర్ల గొట్టం వంగకుండా నిలిచే శక్తి దాదాపు రెట్టింపు. కాలిలో ఒకదాంట్లో ఒకటి దూరే అంచెలు ఎక్కువైతే మడిచినప్పుడు చిన్నదవుతుంది, సంచిలో పడుతుంది. కానీ అట్టడుగు అంచె పుల్లలా సన్నబడుతుంది, కీళ్లు పెరుగుతాయి, ప్రతి కీలు దగ్గరా కాస్త వణుకు చేరుతుంది. మూడంచెల కాళ్లు గట్టివి. బస్సుల్లో, బైకుల మీద తిరిగేవాళ్లకు నాలుగంచెలు రాజీమార్గం. అయిదంచెలవి ప్రయాణానికి సుఖమే గానీ గాలికి కాదు.

మధ్యలో పైకి లేచే స్తంభం ఉంటుంది చూశారా... కొనుగోలుదారుని ఊరించేది అదే. దాన్ని పూర్తిగా లేపితే మూడుకాళ్ల మీద ఒంటికాలు నిలబెట్టినట్టే! లోయలోంచి గాలి రివ్వున లేస్తే ముందుగా ఊగేది అదే. కాళ్లు చాపితేనే కెమెరా మీ గడ్డం దగ్గరకో, కంటి దగ్గరకో రావాలి. స్తంభం లేపాల్సిన అవసరం రాకూడదు. అసలు స్తంభమే లేని ట్రైపాడ్లూ దొరుకుతాయి. నేలకు ఆనించి తీయడానికీ అవే అనువు.

అల్యూమినియమా, కార్బన్ ఫైబరా? అల్యూమినియం చవక, గట్టిది, దెబ్బ తగిలితే సొట్టపడుతుందంతే. కార్బన్ ఫైబర్ తేలిక, వణుకును త్వరగా చల్లార్చుకుంటుంది, చలిలో చేతికి చురుక్కుమనదు. ఖరీదు మాత్రం రెండింతలు, మూడింతలు. గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది కూడా. కారు దిగి వంద గజాలు నడిచేవాళ్లకు మంచి అల్యూమినియం చాలు. కొండలెక్కేవాళ్లు కార్బన్‌కు డబ్బు పెట్టడంలో అర్థముంది.

పెట్టె మీద 'ఎనిమిది కిలోలు మోస్తుంది' అని రాసి ఉంటుంది. ఆ అంకెను లెక్కగట్టే పద్ధతి కంపెనీలన్నిటికీ ఒకటి కాదు. మీ కెమెరా, అతి పెద్ద లెన్సు కలిపి ఎంత బరువో చూసుకుని, దానికి రెండు మూడు రెట్లు మోస్తుందనే ట్రైపాడ్ తీసుకుంటే నిశ్చింత.

తల గట్టిదైతేనే...

కాళ్లకు డబ్బంతా పెట్టి తల దగ్గర పిసినారితనం చేసేవాళ్లూ ఉన్నారు. కెమెరా కూర్చునే హెడ్ వదులైతే కింద ఇనపస్తంభం ఉన్నా ఒకటే. బాల్ హెడ్ అయితే ఒక్క మర వదిలితే ఏ దిక్కుకైనా తిరుగుతుంది. చీకట్లో చుక్కల వైపు ఎత్తిపెట్టడానికి ఇదే సులువు. మూడు పిడులుండే పాన్ హెడ్ నిదానం, బరువు. కానీ లోయను అంచు నుంచి అంచు దాకా ముక్కలు ముక్కలుగా తీసి కలపాలంటే దానికి సాటి లేదు. ఏదైనా సరే, మర బిగించి చేయి తీశాక కెమెరా ముక్కు కిందికి జారకూడదు.

దుకాణంలోనే పరీక్ష చేసుకోవచ్చు. మీ కెమెరాను దాని మీద బిగించండి. కాళ్లన్నీ పూర్తిగా చాపండి. లైవ్ వ్యూ పెట్టి దూరంగా ఉన్న ఏదైనా అక్షరాన్ని పది రెట్లు పెద్దది చేసి చూడండి. ఇప్పుడు కాలి మీద వేలితో చిన్నగా తట్టండి. తెరమీద బొమ్మ వణుకుతుంది. మనసులో అంకెలు లెక్కపెట్టండి. ఒకటి అనేలోపు నిలిస్తే భేష్. మూడు, నాలుగు దాకా వణుకుతూనే ఉంటే మరోటి చూపించమనండి. పెట్టెమీది అంకెలకన్నా ఈ పరీక్ష నమ్మకమైనది.

గాలి లేచినప్పుడు...

ట్రైపాడ్ ఎంత మంచిదైనా నిలబెట్టే తీరొకటుంది. ఒక కాలు లెన్సు చూసే వైపు, అంటే లోయ వైపు ఉండాలి. అప్పుడు బరువు ఆ కాలి మీద పడుతుంది, మిగతా రెండు కాళ్ల మధ్య మీరు నిలబడొచ్చు. బండ మీద రబ్బరు పాదాలే మంచివి. మేకు పాదాలు మట్టికి, గడ్డికి. ముందు పై అంచె లాగాలి, సన్నటి అడుగు అంచెను చిట్టచివర. గాలి ఎక్కువైతే నిలబడి తీయడం మాని ట్రైపాడ్‌ను కురచ చేసి కూర్చుని తీయాలి. మధ్యనున్న కొక్కేనికి సంచి తగిలించేవాళ్లు అది నేలకు తగిలేలా చూసుకోవాలి. గాల్లో వేలాడే సంచి ఉయ్యాలలా ఊగి ఉన్న వణుకును పెంచుతుంది.

కెమెరా మెడపట్టీ గాలికి జెండాలా కొట్టుకుంటుంది, తీసేయండి. వేలితో బటన్ నొక్కితే అదీ ఓ కుదుపే. రిమోటో, రెండు సెకన్ల టైమరో వాడుకోండి. చేతివణుకును సర్దే స్టెబిలైజేషన్‌ను ట్రైపాడ్ మీద ఆపేయడమే మంచిది. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లలో లోపలి అద్దం ఎగిరినప్పుడూ అదురుతుంది. దాన్ని ముందే లేపి ఉంచే ఏర్పాటు కెమెరాలోనే ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది మనిషి నిలకడ. బండలు ఎక్కడ ఆగి లోయ ఎక్కడ మొదలైందో చీకట్లో తెలియదు. పగటిపూటే వెళ్లి చోటు చూసుకోవాలి, కాళ్లు పెట్టే రాయి కదులుతుందేమో తొక్కి చూడాలి, అంచుకు నాలుగడుగులు ఇవతలే ఆగాలి. తెర చూస్తూ వెనక్కి అడుగులు వేయడం అస్సలు వద్దు. కంటికి చీకటి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. కాబట్టి ఎర్రకాంతి టార్చి ఉంటే మీకూ హాయి, పక్కవాళ్ల ఫొటోలకూ హాయి. ఒంటరిగా మాత్రం వెళ్లకండి.

ఎప్పుడు వెళ్లాలి?

పాలపుంత నడిబొడ్డును మార్చిలో చూడాలంటే తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు లేవాలి. మే నెలలో రాత్రి పదింటికల్లా ఆగ్నేయాన పైకి వస్తుంది. అది కోట వైపు ఆకాశంలో కనబడుతుంది గానీ ఉత్తరానున్న లోయ మీద కాదు. ఆ తర్వాత వానమబ్బులు అడ్డం. డిసెంబరు, జనవరి నెలల్లో ఓరియన్ రాజ్యం. రైల్లో వచ్చేవాళ్లు ముద్దనూరులో దిగొచ్చు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల దగ్గర ట్రైపాడ్ నిలపాలంటే ముందే అనుమతి అడిగి తెలుసుకోవాలి.

ఇక డబ్బు సంగతి. చాలామంది ముందు చౌకది కొంటారు. అది ఊగుతోందని ఇంకాస్త మంచిది, అదీ చాలక చివరికి అసలైనది కొంటారు. మొత్తం కలిపి చూసుకుంటే మొదటే మంచిది కొన్నదానికన్నా ఎక్కువే అవుతుంది. కెమెరా నాలుగైదేళ్లకు పాతబడుతుంది. ట్రైపాడ్ అలా కాదు. కెమెరా అడుగున ఉండే పావు అంగుళం మర ఫిలిం రోజుల నుంచి ఇప్పటి మిర్రర్‌లెస్ దాకా ఒకటే. నాన్న ఫిలిం కెమెరాను మోసిన గట్టి స్టాండు ఏ అటక మీదైనా ఉంటే ఓసారి దించి, దుమ్ము దులిపి, కీళ్లు బిగించి చూడండి. కాలు తడితే వణక్కుండా నిలబడిందంటే, కొత్తది కొనాల్సిన పనే లేదు!