రేపటి దయ్యాలు, మన ఇంటి తెలుగు

మన ఇళ్ళల్లో దయ్యాల కథలంటే ఎప్పుడూ పాత కాలానివే. చింతచెట్టు, పాడుబడిన బావి, అమావాస్య రాత్రి. ఇంకా రాని కాలంలోని దయ్యాల కథ ఒకటి మా ఇంట్లో మూడేండ్ల పాటు సెలవుల్లో నడిచింది. అది అమెరికా నుంచి వచ్చిన ఒక ఆట. పేరు డార్క్ కాన్‌స్పిరసీ. మా తరం తెలుగుకు అది చేసిన మేలు ఎవరికీ తెలీదు, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

మా మామ (అమ్మ తమ్ముడు) 1998లో వైటూకే పని మీద అమెరికా పోయినాడు. 2002లో ఉద్యోగం పోయి తిరిగొచ్చినాడు. రెండు పెట్టెల సామానులో ఒక లావాటి పుస్తకం, ఒక చిన్న సంచీలో పాచికలు ఉన్నాయి. అక్కడ శనివారాలు తోటి ఉద్యోగస్తులతో కూర్చుని ఆడేవాడంట. వచ్చిన మొదటి ఏడాది ఆయనకు పని దొరకలేదు. ఎవరైనా ‘ఏం చేస్తున్నావప్పా?’ అని అడుగుతారని బజారుకు కూడా పోయేవాడు కాదు. దసరా సెలవులకు మేము నలుగురు పిల్లలం రాబర్ట్‌సన్‌పేటలో అవ్వ ఇంటికి చేరినాము. అప్పుడు ఆ పుస్తకం తెరిచినాడు.

ఈ ఆటలో పావులుండవు, గెలుపు ఓటములుండవు. ఒకరు కథ చెప్తారు. మిగతావాళ్ళు ఆ కథలో ఒక్కొక్క మనిషిగా ఉండి ‘నేను ఇప్పుడు ఇది చేస్తాను’ అంటారు. అది కుదిరిందా లేదా అనేది పాచిక తేలుస్తుంది. ఇల్లినాయ్ రాష్ట్రంలో గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ ఉండేది. అది 1977లో ట్రావెలర్, 1984లో ట్విలైట్ 2000 అనే ఆటలు వేసింది. డార్క్ కాన్‌స్పిరసీ 1991లో వచ్చింది, తయారు చేసినవాడు లెస్టర్ స్మిత్. 1996లో ఆ కంపెనీ మూతపడింది. మామ కొన్నది పాత పుస్తకాల అంగట్లో.

ఆట జరిగేది ఇరవై ఒకటో శతాబ్దం మొదట్లో, అమెరికాలో. 1930ల నాటి మాంద్యాన్ని మించిన మాంద్యం వచ్చి ఉంటుంది. పెద్ద నగరాలు చుట్టుపక్కల ఊర్లను కలుపుకుని మెట్రోప్లెక్సులు అయ్యుంటాయి. కంపెనీల మనుషులు కాపలా మధ్య బతుకుతుంటారు, పని లేనివాళ్ళు వీధుల్లో ఉంటారు. నగరాల బయట చట్టం వదిలేసిన ప్రాంతాలు. అంతకంటే చెడ్డవి డీమన్‌గ్రౌండ్ అనే చోట్లు, అక్కడ నేల, చెట్టు, గాలి అన్నీ వికారంగా మారిపోయి ఉంటాయి. వేరే లోకాల నుంచి వచ్చిన చీకటి జీవులు మనుషుల భయాన్ని, బాధను తిని బలుస్తుంటాయి.

అమెరికా గురించి రాసిన ఈ కథ మాకు వెంటనే ఎక్కింది. దానికి కారణం ఉంది. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చిన ఊరది. మూడు కిలోమీటర్ల లోతుకు దిగిన గనులవి. మేము సెలవులకు వచ్చేసరికి వీధిలో సగం ఇండ్లకు తాళాలు. పొద్దున్నే బెంగళూరు రైలెక్కి, రాత్రికి తిరిగొచ్చే మగవాళ్ళు. మిద్దె మీద నుంచి చూస్తే సైనైడు దిబ్బలు బూడిద రంగు కొండల మాదిరి కనిపించేవి. వదిలేసిన ఊరంటే ఏమో మాకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మేము నలుగురం కన్నడ మీడియం పిల్లలం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, పరీక్షల భయం ఇంగ్లీషులో. తెలుగులో మాకు వచ్చిందల్లా అన్నం, నీళ్ళు, తిట్లు, చుట్టరికాలు, అవ్వ చెప్పే పాత కథలు. పెద్దయ్యాక ఏమవుతావు, కంప్యూటరంటే ఏమి, నగరం ఎట్లుంటుంది అని మాట్లాడాలంటే నోరు తనంతట తానే కన్నడకు తిరిగేది. నిన్నటికి, ఈ పూటకు మాత్రమే మా దగ్గర తెలుగు ఉంది. రేపటికి లేదు.

మామకేమో నాలుగేండ్లు బయటుండి కన్నడ కొంచెం తడబడేది. మాకు అంత ఇంగ్లీషు రాదు. కాబట్టి కథ తెలుగులోనే చెప్పాలి. చిక్కంతా అక్కడే, సంతోషమూ అక్కడే. మెట్రోప్లెక్స్‌ను ఏమనాలి? మా అన్న ‘ఊర్లు మింగిన ఊరు’ అన్నాడు. చీకటి జీవుల కింద పనిచేసేవాళ్ళు ‘చీకటి బంట్లు’ అయినారు. డీమన్‌గ్రౌండ్‌కు ఎంత తన్నుకున్నా మాట దొరకలేదు. వంటింట్లో బియ్యం ఏరుతున్న అవ్వ తలెత్తకుండానే, ‘గాలి సోకిన నేల అనండిరా, అంతే కదా’ అనింది. మనిషికి గాలి సోకడం మాకు తెలుసు. నేలకు కూడా సోకుతుందని ఆ రోజే తెలిసింది.

ఈ ఆటలో మనిషిని తయారు చేసుకునే పద్ధతి నాకు చాలా ఇష్టం. మన పాత్ర బతుకును నాలుగేండ్ల చొప్పున లెక్కేస్తారు. ప్రతి నాలుగేండ్లకు ఒక పని ఎంచుకోవాలి. ఆ పని కొన్ని విద్యలు నేర్పుతుంది, కొందరు మనుషులను పరిచయం చేస్తుంది. తర్వాత అదే పనిలో ఉండొచ్చు, మారొచ్చు. పని పోయినా విద్య పోదు, పరిచయం పోదు. మామ ఈ నియమం చెప్పేటప్పుడు కాసేపు ఆగినాడు. ఆయన అమెరికాలో ఉండింది సరిగ్గా నాలుగేండ్లు. అప్పుడు నాకు పదమూడేండ్లు, ఆ లెక్క తట్టలేదు.

బలం, చురుకుదనం, తెలివి, చదువు లాంటి వాటి పక్కన ఎంపతీ అని ఇంకొక గుణం ఉండేది. ఎదుటి జీవి మనసులో ఏముందో పసిగట్టే శక్తి. దానికి మేము పెట్టుకున్న మాట ‘కడుపు తెలివి’. పుస్తకం నిండా తుపాకులే. అయినా మామ చెప్పిన కథల్లో తుపాకీతో తేలిన పని తక్కువ. పది ముఖాల పాచిక వేసి, మనకున్న విద్య అంకె కంటే ఎక్కువ పడకుండా చూసుకోవాలి. పని కష్టమైతే ఆ అంకె సగమవుతుంది, సులభమైతే రెండింతలవుతుంది. మేము ఆ అంకెలన్నీ నోటు పుస్తకంలో రాసుకునేవాళ్ళం. మాటలు తెలుగు, లిపి కన్నడ. తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటినాక నేర్చుకున్నాను. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కాబట్టి పెద్ద కష్టం కాలేదు.

ఒక కథ ఇప్పటికీ ఒళ్ళు జలదరించేలా గుర్తుంది. ఫ్యాక్టరీ మూతపడిన ఊరు. రాత్రిళ్ళు తలుపు కొట్టి, తెలిసినవాళ్ళ గొంతుతో పిలిచే చీకటి బంటు ఒకటి తిరుగుతుంటుంది. తలుపు తీసినవాళ్ళు చావరు, మరుసటి రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడరు. అది వినగానే మా తమ్ముడు, ‘నాళె బా అని రాద్దాం!’ అని అరిచినాడు. కర్ణాటకలో పెరిగినవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. 1990లలో మన వీధుల్లో తలుపుల మీద, గోడల మీద రాసిన మాట అది. ఆంధ్రలో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసింది కూడా అదే భయంతోనే. రాత్రి వచ్చేదాన్ని రేపటికి వాయిదా వేయడం.

మామ నవ్వలేదు. ‘సరే, రాసినారు. ఈ రోజుకు పోయింది. రేపు వస్తే?’ అన్నాడు.

ఆ ప్రశ్న మీద రెండు సాయంకాలాలు ఆడినాము. నా పాత్ర ఆంబులెన్సులో పనిచేసే ఆమె. చివరికి నేనొక్కొక్క ఇంటి తలుపూ పగలే కొట్టి, లోపలున్నవాళ్ళను పేరు పెట్టి పిలిచి, అందరినీ ఒకే చోట కూర్చోబెట్టినాను. ప్రతి తలుపు దగ్గరా కడుపు తెలివి పాచిక. ఎనిమిది ఇండ్లలో ఐదు తెరుచుకున్నాయి. ఐదు చాలన్నాడు మామ, ఒంటరితనం తిని బతికేదానికి ఆ ఊర్లో తిండి తగ్గిపోయిందంట. మరుసటి రోజు పొద్దున ఆయన చొక్కా తొడుక్కుని, చాలా రోజుల తర్వాత, అవ్వ చెప్పకుండానే బజారుకు పోయి కూరగాయలు తెచ్చినాడు. దానికీ ఆటకూ లంకె ఉందో లేదో నేను చెప్పలేను. కూరగాయల సంచీ మాత్రం గుర్తుంది.

ఇప్పుడు ఆ పుస్తకంలోని భవిష్యత్తు మనకు గతమైపోయింది. మేము నలుగురం నాలుగు ఊర్లలో ఉన్నాము. అవ్వ లేదు. మా ఇంటి వాట్సాప్‌లో తెలుగు పండగ శుభాకాంక్షలకు, వంటలకు, ఎవరైనా పోతే సంతాపానికి. మిగతాదంతా ఇంగ్లీషు. బయటి రాష్ట్రాల్లో స్థిరపడిన మన ఇండ్లన్నింట్లో ఇంచుమించు ఇదే పరిస్థితి అనుకుంటాను. పిల్లలకు మనమిచ్చే తెలుగు అంతా వెనక్కి చూసేదే: తాతల ఊరు, వంశం, ఆచారం. అవి కావాలి, వద్దనడం లేదు. కానీ రేపటి గురించి మాట్లాడటానికి పనికిరాని భాషను ఏ పిల్లలూ ఎక్కువ రోజులు మోయరు.

పోయిన వేసవిలో అన్న పిల్లలు, తమ్ముడి కూతురు మా ఇంటికి వస్తే ఆ పాత పాచికలు తీసినాను. కథ 2050లో పెట్టుకున్నాము. నియమం ఒకటే: కథ తెలుగులో, రాకపోతే మాట మనమే తయారు చేయాలి. మొదటి గంట కష్టంగా నడిచింది. రెండో రోజు, బోర్లలో నీళ్ళు ఎండిపోయి జనం వదిలేసిన అపార్ట్‌మెంటు ఒకటి కథలో వచ్చింది. లిఫ్టు మాత్రం తనంతట తాను పైకీ కిందికీ తిరుగుతుంటుంది. తొమ్మిదేండ్ల పాప దానికి ‘ఆకలి లిఫ్టు’ అని పేరు పెట్టింది. పెట్టి, తనే భయపడి, నా పక్కకు జరిగి కూర్చుంది.

ఆ మాటను నోటు పుస్తకంలో రాసుకున్నాము. ఈసారి తెలుగు అక్షరాల్లో.