పేరు ముందు ఏం రాయాలె?

ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిక చూసుకుని చదవండి. చివర్లో మీ అందరితో ఒక పని ఉంది.

మా ఆశ్రమ పాఠశాల పీఈటీ సారు ఈ ఏడాది రిటైర్ అవుతున్నారు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, అడగకుండా రాస్తే ఊరుకోరు. హైదరాబాద్‌లో చదువుకుంటున్న పాత విద్యార్థులం తలా రెండు వందలు వేసుకున్నాం. ఒక శాలువా, ఒక మెమెంటో కొందామని శనివారం సాయంత్రం మేం నలుగురం ఆబిడ్స్ పోయాం.

మెమెంటోలు చేసే చిన్న షాపు. ఓనరు కంప్యూటర్ ముందు కూర్చుని పేరు అడిగాడు, చెప్పాం. టైపు చేసి మా వైపు తిరిగాడు.

"పేరు ముందు ఏం రాయాలె తమ్మీ?"

"అంటే?"

"బిరుదు. క్రీడారత్న, క్రీడాభూషణ, అట్లాంటిది. అందరూ ఏదో ఒకటి వేయించుకుంటరు. ఉత్త పేరు వేస్తే బోసిగ ఉంటది."

నలుగురం మొహాలు చూసుకున్నాం. ఒకరేమో "గిరిజన క్రీడారత్న అని వేద్దాం, మనల్ని ఎవరు అడుగుతరు?" అన్నారు. ఇంకొకరు "మనం ఇస్తే దానికి విలువేంది? సర్కారు ఇచ్చిందే బిరుదు" అన్నారు. తేలలేదు. గంటలో చెప్తాం అని బయటికి వచ్చి, మాట్లాడుకుంటూ గన్‌ఫౌండ్రీ మీదుగా ఎల్బీ స్టేడియం వైపు నడిచాం.

చదువుకోసం వచ్చి ఇన్నేళ్లుగా ఇవే రోడ్ల మీద తిరుగుతున్నాం కాని, ఈ పేర్ల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. గోల్కొండ నవాబుల కాలంలో ఒక పెద్ద అధికారికి 'నేక్‌నామ్ ఖాన్' అని బిరుదు ఇచ్చారట, అంటే మంచి పేరున్నవాడు అని. ఆయన జాగీరు నేక్‌నామ్‌పల్లి, జనం నోట్లో పడి నాంపల్లి అయిందని చెబుతారు. ఆబిడ్స్ సంగతి వేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర సేవకుడిగా ఉన్న ఆబిద్ అనే ఆయన అక్కడ షాపు పెట్టాడు, ఆ షాపు పేరే ఊరి మధ్యలో నిలిచిపోయింది. బిరుదు ఇచ్చిన రాజూ, పుచ్చుకున్న దొరా ఎవరో నాంపల్లి స్టేషన్లో రైలు దిగేవాళ్లకు తెలియదు. సేవకుడి పేరు మాత్రం రోజూ ఆటోవాళ్లు కేకేస్తుంటారు.

స్టేడియం గేటు దగ్గర ఆగాం. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు సారు మమ్మల్ని మొదటిసారి హైదరాబాద్ తీసుకొచ్చింది ఇక్కడికే. పొద్దున్నే నాంపల్లిలో దిగాం. మా పన్నెండు మందికీ ఇడ్లీ తినిపించి, ఆయన చాయ్ తాగి ఊరుకున్నారు. "ఆకలి లేదురా" అన్నారు. అప్పుడు నమ్మాం.

ఈ స్టేడియం పాత పేరు ఫతే మైదాన్. హైదరాబాద్‌లో ఆటల గురించి మాట్లాడితే సయ్యద్ అబ్దుల్ రహీం పేరు రావాల్సిందే. ఆయన కూడా మన సారులాగే బడిపంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో క్యాన్సర్‌తో పోయారు. పద్మ పురస్కారం రాలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. ఆటగాళ్లు మాత్రం ఆయన్ని 'రహీం సాబ్' అనే పిలిచారు. ఆ 'సాబ్' ఏ గెజిట్‌లోనూ రాలేదు.

అవార్డుల పేర్ల గురించి మన హాస్టళ్లలో ఎప్పుడూ నడిచే మాట ఒకటుంది, అది అప్పుడూ వచ్చింది. ఆటగాడికి అర్జున, గురువుకు ద్రోణాచార్య. బొటనవేలు ఇచ్చిన ఏకలవ్యుడి పేరేమో మన పిల్లలు చదివే మోడల్ స్కూళ్లకు పెట్టారు. నవ్వుకుంటాం, కాని అది ఉత్త నవ్వు కాదు. రాజస్థాన్ గిరిజన విలుకాడు లింబా రామ్‌కు 1991లో అర్జున అవార్డు ఇచ్చారు. ఏకలవ్యుడి వారసుడు అర్జునుడి పేరు మీద పతకం తీసుకున్నాడు. దాన్ని ఎట్లా చూడాలో మాకు ఇప్పటికీ తెలియదు. గెలిచినట్టా, మళ్లీ వేలు ఇచ్చినట్టా?

ఇక జైపాల్ సింగ్ ముండా. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్. దేశానికి హాకీలో తొలి బంగారు పతకం ఆ జట్టుదే. ఐసీఎస్ శిక్షణలో ఉండి, ఆడటానికి సెలవు దొరకకపోయినా వెళ్లి, చివరికి ఆ కొలువే వదులుకున్న మనిషి. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు అయ్యాడు, తనను తాను జంగ్లీ అని గర్వంగా చెప్పుకున్నాడు. ఆయనకు భారతరత్న లేదు. జార్ఖండ్ జనం ఆయన్ని 'మరాంగ్ గోమ్కే' అంటారు, అంటే పెద్ద నాయకుడు. ఆటల నుంచి భారతరత్న అందుకున్నది ఇప్పటిదాకా ఒక్క సచిన్ టెండూల్కరే, 2014లో. అంతకుముందు ఆటలకు అందులో చోటు లేదు, 2011 చివర్లో నిబంధన మార్చారు. ధ్యాన్‌చంద్‌కు కూడా ఇవ్వాలని ఎంత అడిగినా, 2021లో ఖేల్‌రత్నకు ఆయన పేరు పెట్టి ఊరుకున్నారు.

అంతలో మాలో లా చదివే అక్క ఒక మాట చెప్పింది. రాజ్యాంగం 18వ అధికరణ ప్రకారం సైనిక, విద్యా గౌరవాలు తప్ప ప్రభుత్వం ఎవరికీ బిరుదులు ఇవ్వకూడదు. జంగ్‌లు, దౌలాలు, రాయ్‌బహదూర్‌లు చాలనుకున్నారు. మరి పద్మశ్రీ సంగతేంటి? అది బిరుదు కాదు, గౌరవం మాత్రమేనని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే దాన్ని పేరు ముందూ వెనకా తగిలించుకోకూడదు. ఫ్లెక్సీల మీద 'పద్మశ్రీ ఫలానా' అని వేస్తున్నది నిజానికి తప్పు. మన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అయినా మనకు ఆయన 'గుస్సాడీ కనకరాజు'. పేరు ముందు ఆయన చేసిన పనే ఉంది.

అప్పుడు మాలో ఒకరు అడ్డుకున్నారు. "ఇవన్నీ చెప్పి గౌరవాలే వద్దంటే ఎట్లా? 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. టీవీలో, పేపర్లో ఆమె ఫొటో చూసిన తర్వాతే మా తండాలో ఆడపిల్లల్ని హాస్టల్‌కు పంపడానికి ఒప్పుకున్నరు. నేను అట్లనే వచ్చిన."

దానికి మా దగ్గర ఎదురు మాట లేదు. గౌరవం వద్దనగలిగేది దాన్ని చూసి విసిగిపోయినవాళ్లు. మిల్ఖా సింగ్ 2001లో అర్జున అవార్డు వద్దన్నారు, అది ఆయనకు చెల్లింది. మన ఇళ్లల్లో గోడకు ఒక్క సర్టిఫికెట్ కూడా లేనప్పుడు, వద్దనడానికి మన దగ్గర ఏముంది?

మా జూనియర్ ఒకడు రాష్ట్ర స్థాయిలో ఖోఖో ఆడాడు. ఉద్యోగ నోటిఫికేషన్ పడ్డప్పుడు స్పోర్ట్స్ కోటాలో పెట్టుకుందామంటే కాగితం లేదు. వానకు ఇల్లు కురిసి ట్రంకు పెట్టెలో సర్టిఫికెట్లన్నీ ముద్దయిపోయాయి. ఆడినట్టు ఊరంతా సాక్ష్యం చెబుతుంది, ఆ సాక్ష్యం కౌంటర్ దగ్గర పనికిరాలేదు.

షాపు మూసే వేళ అవుతోంది. ఇక లాభం లేదని సారుకే ఫోన్ చేశాం. మెమెంటో సంగతి చెప్పక తప్పలేదు. పేరు ముందు ఏం వేయమంటారని అడిగితే కాసేపు నవ్వారు.

"ఏం వద్దు బిడ్డా. ఇంటిపేరు తప్పు పడకుండ చూడండి చాలు. వచ్చేటప్పుడు ఒకరు నా రిజిస్టర్లు తీసుకపోయి జిరాక్సు తీయించండి. నేను పోతే ఇవి చిత్తుకాగితాల కింద పోతయి."

ఏం రిజిస్టర్లని అడిగాం. ఇరవై రెండేళ్లుగా ఆడిన ప్రతి పిల్లవాడి పేరు, ఊరు, తేదీ, ఏ మీట్, ఎన్నో స్థానం, పరుగైతే టైము, అన్నీ రాసి పెట్టారట. అందులో చాలా ఏళ్లు ఆయన కాంట్రాక్టు మీదే పనిచేశారు, జీతం ఎప్పుడొస్తుందో తెలియని నెలలవి. ఆ నెలల్లో కూడా రాశారు. మా జూనియర్ పేరు, తేదీ అందులో ఉన్నాయి. ఆ పేజీ జతచేసి డూప్లికేట్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టించాం. వస్తుందో రాదో చూడాలి.

షాపుకు తిరిగి వెళ్లి చెప్పాం. "పేరు. దాని కింద, మాకు పరుగు నేర్పిన సారు. కింద ఆయన పనిచేసిన సంవత్సరాలు. అంతే."

"ఉత్త పేరేనా?"

"ఉత్త పేరే అన్నా."

ఇక మీతో పని. పద్మ పురస్కారానికి ఎవరినైనా ఎవరైనా ఆన్‌లైన్‌లో ప్రతిపాదించవచ్చు. ఆ మనిషి ఏం చేశారో 800 పదాల్లోపు రాయాలి. సర్వీసులో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులకు, డాక్టర్లు, సైంటిస్టులు తప్ప, అర్హత లేదు. రిటైర్ అయినవాళ్లను పంపవచ్చు. మా సారు ఒప్పుకుంటే మేం పంపుతాం. వస్తుందన్న ఆశతో కాదు, ఆ 800 పదాలు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని. అవి రాయడానికి కూర్చుంటే తేదీలు కావాలి, పేర్లు కావాలి. మన దగ్గర లేనివి అవే.

కాబట్టి మీ బడిలో, మీ గూడెంలో, తండాలో ఆటలు నేర్పినవాళ్లు ఎవరున్నారో, ఎవరు ఏ ఏడు ఎక్కడ ఆడారో ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టండి. సర్టిఫికెట్లు ఉంటే ఈ వానాకాలం రాకముందే ఫొటోలు తీసి రెండు చోట్ల దాచండి. పెద్దవాళ్లు బతికుండగానే అడగండి.

సారు సన్మానం రోజు రిజిస్టర్లు తేవడానికి ఇద్దరు కావాలి. మొత్తం ఏడున్నాయట, బరువుంటాయి. వచ్చేవాళ్లు చెప్పండి.