అడగవలసిన ఒక ప్రశ్న

గత వార్షిక క్రీడోత్సవంలో మా సహాధ్యాయి ఒకడు నాలుగు వందల మీటర్ల పరుగు చివరి మలుపులో కుప్పకూలినాడు. అతని వయస్సు 19. ముఖంపై నీళ్ళు చల్లినాము, చుట్టూ గుమిగూడినాము, ఆటో కొరకు పరుగెత్తినాము. ఆసుపత్రికి చేరునప్పటికే ప్రాణం పోయినది.

ఒక సంగతి దాచరాదు. అంతకుముందు రెండు పర్యాయాలు అతడు పరుగెత్తుతూ స్పృహ తప్పినాడు. "నాస్తా చేయకుండా వచ్చినావా?" అని మేము నవ్వినాము. అది గుండె చేసిన హెచ్చరిక కావచ్చునని మాకు తోచలేదు.

జనాజా నమాజు మరునాడు పరామర్శకు వెళ్ళినప్పుడు అతని నానీ కన్నీరు తుడుచుకొంటూ, "నా కొడుకూ ఇట్లే పోయినాడు నాయనా, ఇరవై రెండేళ్ళకు. నజర్ తగిలిందనుకున్నాం" అన్నది. మాతో వచ్చిన జంతుశాస్త్ర ఉపన్యాసకులు ఆ మాట విని, ఇంటిలోని వారందరికీ వెంటనే గుండె పరీక్షలు చేయించమన్నారు.

గుండె కండరం అకారణంగా మందమయ్యే వ్యాధి ఒకటి కలదు. దాని పేరు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. తల్లిదండ్రులలో ఒకరికి ఆ జన్యుదోషం ఉంటే, ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగం. కొందరికి జీవితాంతం ఏ బాధా ఉండదు. కొందరికి మరణమే తొలి లక్షణం. 2003లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఆడుతూ కూలి మరణించిన కామెరూన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు మార్క్ వివియన్ ఫోకు ఈ వ్యాధి ఉన్నట్లు శవపరీక్షలో తేలినది.

ఇ.సి.జి., ఎకో పరీక్షలలో మా మిత్రుని తల్లికి, తమ్మునికి ఇదే వ్యాధి బయటపడినది. చెల్లెలికి ప్రస్తుతం లేదు. అయినా కొంతకాలానికొకసారి చూపించవలెనన్నారు. తమ్ముడు మందులు వాడుతూ మా కళాశాలలోనే చదువుతున్నాడు. ఈ ఏటి క్రీడలలో అతడు పరుగెత్తలేదు. స్టాప్‌వాచ్ పట్టుకొని గమ్యరేఖ వద్ద నిలిచినాడు.

సోదర విద్యార్థులారా! మన వంశంలో చిన్న వయస్సున హఠాత్తుగా పోయినవారెవరని ఇంటి పెద్దలను అడగండి. ఉన్నారంటే వైద్యునికి చెప్పండి. ఎవరైనా కూలిపోయి, పిలిచినా పలకక, శ్వాస సరిగా లేకున్నచో నీళ్ళు చల్లుతూ కాలం గడపవద్దు. ఒకరు 108కి ఫోను చేయగా, మరొకరు ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 మార్లు గట్టిగా నొక్కవలెను. వచ్చే క్రీడలకు ముందే ఈ విధానం మాకు నేర్పించవలసినదిగా కళాశాల కమిటీవారిని వినయపూర్వకంగా కోరుతున్నాము.

అల్లాహ్ మా మిత్రునికి జన్నత్ ప్రసాదించుగాక!